ఐదో పేరా

“మీరు రాసింది మూడుసార్లు చదివానమ్మా,” అంటూ పెద్దాయన చేతిసంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు.

వాటిని చూడగానే సైటమ్మ గుర్తుపట్టింది. ‘వెబ్‌సైటుకు నమ్మకమైన హోస్టింగ్ ఎంచుకోవడం ఎలా?’ సైట్లను తమ కంప్యూటర్లలో ఉంచి నడిపే కంపెనీల గురించి ఏడాది కిందట తను రాసిన వ్యాసమే. ఆయన దాన్ని ప్రింటు తీయించి, ఎర్ర పెన్సిలుతో అడుగడుగునా గీతలు గీసుకున్నాడు.

వెబ్‌సైట్లు తయారుచేయడం ఆమె పని. టైలరు షాపు పైనున్న ఒంటిగదే ఆఫీసు. బోర్డు పెట్టిన కొత్తలో ఇళ్ల స్థలాలు అమ్ముతుందనుకుని, “కార్నరు సైటేమైనా ఉందామ్మా?” అని మెట్లెక్కి వచ్చేవాళ్లు. ఆ నవ్వులాటలోంచి పుట్టిన ‘సైటమ్మ’ అనే పేరు అలాగే అతుక్కుపోయింది.

“ఫోను చేస్తే రికార్డు కాదు, మనిషి పలకాలన్నారు,” పెద్దాయన వేలితో గీత చూపించాడు.

“అవునండీ. చేరకముందే ఓసారి చేసి ఏదో తిక్క ప్రశ్న అడగండి. విసుక్కోకుండా చెప్పారంటే సగం నమ్మొచ్చు.”

“మరి ఈ కాపీల సంగతి?”

“రోజూ కాపీ తీసి దాస్తామని అందరూ అంటారు. పాత కాపీ ఒకటి తిరిగివ్వమని అడిగి చూడండి. అప్పుడు బయటపడుతుంది బండారం.”

ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు. బడిలో కొత్తగా చేరినవాడిలా ఆ వయసులో ఆయన అలా రాసుకోవడం చూస్తుంటే ఆమెకు ఇబ్బందిగా అనిపించింది.

“ఇంతకీ ఎన్ని సైట్లండీ?”

“నలభై దాకా మిగిలాయి. అన్నీ చిన్నా చితకా. చేతిగడియారాలు బాగుచేసే ముసలాయనది ఒకటి, కుక్కలకు వైద్యం చేసే డాక్టరమ్మది ఒకటి. కవలపిల్లల తల్లులంతా కలిసి పెట్టుకున్నది ఇంకోటి. అందరూ నన్ను నమ్ముకున్నవాళ్లే. వాళ్లని మంచిచోట చేర్చాలి. నడిరోడ్డు మీద వదిలెయ్యలేను కదా!”

“మీదీ మా పనేనా అండీ?”

“ఇంచుమించు,” అని నవ్వాడాయన. తర్వాత కాగితం తిప్పాడు. “ఈ ఐదో పేరా ఒక్కటే నాకు కొరుకుడు పడలేదు. ‘నిలకడ’ అనే కంపెనీ నిర్లక్ష్యం వల్ల ఒక టీచరు మూడేళ్ల కష్టం మట్టిలో కలిసిపోయిందని రాశారు. నిజంగా అంత ఘోరమైన కంపెనీయా అది?”

ఈ ప్రశ్న ఆమెకు కొత్త కాదు. జవాబు నోట్లోనే ఉంటుంది. ‘అటువైపు వెళ్లకండి’ అంటే సరిపోతుంది. కానీ ఈసారి నాలుక తిరగలేదు.

ఆ టీచరు వినికిడి లేని పిల్లలకు చదువు చెబుతుంది. సైగలతో ఎలా మాట్లాడాలో చూపిస్తూ మూడొందల పైచిలుకు వీడియోలు తీసి, సైటమ్మ తయారుచేసి నిలకడలో పెట్టిన సైటులో ఉంచింది. అవి చూసి నేర్చుకుని, కన్నబిడ్డలతో మొదటిసారి మాట్లాడగలిగిన తల్లులున్నారు. ఒకరోజు సైటమ్మ పాత ఫైళ్లు సర్దుతూ, పరధ్యానంలో ఆ వీడియోలన్నీ చెరిపేసింది. టీచరు దగ్గర వేరే కాపీ లేదు. తెలుసుకునేసరికి పదిహేను రోజులు దాటాయి.

“అయ్యో, కాపీలు రెండు వారాలే ఉంచుతామండీ. మొన్న చేసినా దొరికేవి,” అన్నాడు నిలకడలో ఫోనెత్తినతను. అయినా రెండు రోజులు పాత డిస్కులన్నీ గాలించాడు. దొరకలేదు.

టీచరు వచ్చి ఎదురుగా నిలబడింది. “ఏమైందమ్మా?” అని ఒక్క మాటే అడిగింది. సైటమ్మ నోట్లోంచి అబద్ధం దానంతటదే జారింది: “ఆ కంపెనీ వాళ్ల మిషన్లు పాడైపోయాయి మేడమ్.”

ఆ అబద్ధానికి ఊతంగా వ్యాసం రాసింది. అది ఎంతమంది చేతులు మారిందో, చదివి ఎంతమంది నిలకడను వదిలేశారో లెక్కలేదు. హోస్టింగ్ గురించి ఏ అనుమానమొచ్చినా జనం ఆమెనే అడగడం మొదలుపెట్టారు. ఎవరైనా మెచ్చుకున్నప్పుడల్లా ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

“చెప్పమ్మా,” అన్నాడు పెద్దాయన మెల్లగా.

“వాళ్ల తప్పేం లేదండీ.” ఆమె చూపు బల్ల మీదే ఉంది. “చెరిపేసింది నేను. నా చేతులతో నేనే.”

ఆమె ఏదీ దాచకుండా అంతా చెప్పింది.

“ఆ టీచరుకు తెలుసా?”

“తెలియదండీ. మొహం చెల్లక చెప్పలేదు.”

“చెబితే తిడుతుందనా?”

“తిట్టదండీ. అదే నా భయం.”

 పెద్దాయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. కోప్పడతాడనుకుంది. కోప్పడినా బాగుండేది. ఆయన కాగితాలు ఒకదాని మీదొకటి నెమ్మదిగా పేర్చుకుంటున్నాడు.

“ఇవాళే వెళ్లి టీచరుగారికి చెప్పేస్తాను,” అంది సైటమ్మ. “ఈ పేరా తీసేసి, తప్పు నాదేనని అదే చోట రాస్తాను. మీ సైట్లన్నీ కళ్లు మూసుకుని నిలకడలో పెట్టండి. నా పొరపాటు కోసం రెండు రోజులు వెతికిన మనుషులండీ వాళ్లు. అంతకంటే నమ్మకమైనవాళ్లు నాకు తెలిసి లేరు. ఉండండి, ఆ యజమాని ఎవరో కనుక్కుని ఇప్పుడే ఫోను చేస్తాను. ముందు క్షమాపణ అడిగి, తర్వాత మీ సంగతి మాట్లాడతాను.”

ఏడాదిగా ఛాతీ మీదున్న బరువేదో దిగినట్టనిపించి, ఆమె ఫోను అందుకుంది.

పెద్దాయన చెయ్యి అడ్డుపెట్టి ఆపాడు.

“అది నా కంపెనీయేనమ్మా, నిన్ననే మూసేశాను.”