కొసల నుంచి దువ్వాలి

"మొగిలయ్యగాని చేతులు పడిపోను!"

హాసిని తాత దువ్వెనను టేబుల్ మీదికి విసిరికొట్టాడు. ఆ ఊపుకి ప్లాస్టిక్ బొమ్మ తల స్టాండు మీద గిర్రున తిరిగింది.

"మళ్లీ కుదుళ్ల దగ్గర మొదలుపెట్టావు," అంది మిస్ గ్లోరియా. "కొసల నుంచి రావాలని ఎన్నిసార్లు చెప్పాను? ముందు నీళ్లు చల్లు. కండిషనర్ పట్టించు. వేళ్లతో విప్పు. ఆ తర్వాతే దువ్వెన. పొడిజుట్టును లాగితే తెగిపోతుంది."

పక్క టేబుల్ దగ్గర జేడెన్ వాళ్ల నాన్న కిసుక్కున నవ్వాడు. ఇంగ్లండులోని స్విండన్ ఊళ్లో, ఆ చర్చి హాల్లో, శనివారం పొద్దుటి క్లాసులో ఎవరికీ సొంత పేర్లుండవు. ఏ పిల్ల తల కోసం వచ్చారో ఆ పిల్ల పేరుతోనే పిలుపు. నల్లజాతి పిల్లల ఉంగరాల జుట్టును ఎలా చూసుకోవాలో తెలియని తండ్రులు, పెంపుడు తల్లులు అక్కడికొస్తారు. యాభై ఆరేళ్ల తెలుగువాడు మాత్రం ఈయనొక్కడే. పార్సిళ్లమ్మే టేకవే హోటలు వంటగదిలో పని. ఈ శనివారాల కోసం డ్యూటీల రోటా మార్పించుకోవడానికి మేనేజరుతో ఎనిమిది వారాలు ఎనిమిది గొడవలు పడ్డాడు.

మొదటిరోజు ఇంటినుంచి పేన్ల దువ్వెన తెచ్చుకున్నాడు. గ్లోరియా దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, "ఇది నా కుక్కకి కూడా వాడను," అని చెత్తబుట్టలో వేసింది.

"ఇంతకీ ఎవరా మొగిలయ్య? ఎనిమిది వారాలుగా వింటున్నాను," అంది ఇప్పుడు.

ఆయన తన వంటింటి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. కోపం పెరిగేకొద్దీ అందులో తెలంగాణ తెలుగు కలిసిపోయింది. గ్లోరియాకి సంగతి మాత్రం అర్థమైంది.

"మా మనిషే. పిల్ల నెలలు నిండక పుట్టింది. బతికితే పుట్టువెంట్రుకలు ఇస్తనని వేములవాడ రాజన్నకు మొక్కిండు. మూడేళ్లు నిండకముందే తియ్యాలని పట్టుబట్టిండు. నా కొడుకు అఖిలేష్ వద్దన్నడు. కోడలు మార్షా అయితే చేతులు జోడించి చెప్పింది, మా ఇంట్ల ఆడపిల్ల తల గొరగరని. ఇద్దరూ డ్యూటీకి పోయిన రోజు చూసి, పిల్లను కుర్చీల కూసోబెట్టి, మెషినుతోని గుండు గీసిండు."

గ్లోరియా చేయి ఆగిపోయింది. "వాళ్లమ్మ వారం వారం కూర్చుని అల్లిన తల."

"ఔ. ఆ వెంట్రుకలు పసుపు గుడ్డల మూటగట్టి, ఆమె ఇంటికి రాంగనే ప్రసాదమిచ్చినట్టు చేతికిచ్చిండు. పైగా ఏమన్నడో తెలుసా? 'ఏడుస్తవెందుకమ్మా, ఈసారి సాఫుగ మొలుస్తదిలే' అన్నడు."

"అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఆడనే ఉన్న."

"ఆపలేదా?"

"ఆపలే."

గ్లోరియా దువ్వెన తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆ గుండు రోజు నుంచి మార్షా పిల్లను తాత ఇంటి గడప తొక్కనివ్వలేదు. అంతకుముందు ప్రతి ఆదివారం వచ్చేది హాసిని. కేలెండర్ మీద ఆయన గీతలు కొట్టుకుంటూ వచ్చాడు: పోయినవి నూట పదిహేడు ఆదివారాలు. చివరికి రెండు నెలల కింద కొడుకుతో మార్షా కబురు పంపింది. "నా ఎదురుగా ఒక్కసారి దాని తల దువ్వమను. ఏడవకపోతే ఆదివారాలు పంపుతాను. ఏడిస్తే మళ్లీ నన్ను అడగొద్దు."

ఆ ఒక్కసారి ఇవాళే.

పదకొండింటికి తలుపు తెరుచుకుంది. మార్షా వెనక, కోటు టోపీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఐదేళ్ల హాసిని.

"మమ్మీ, ఈయనేనా తాత?" ఇంగ్లీషులో అడిగింది.

ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "తల ముట్టుకోవచ్చునా, బిడ్డా?"

హాసిని ఆలోచించింది. "గట్టిగా లాగితే చెప్తాను."

"చెప్పు. ఆపేస్త."

నీళ్లు చల్లాడు. జుట్టును నాలుగు భాగాలు చేసి క్లిప్పులు పెట్టాడు. మూడు భాగాలు బాగానే అయ్యాయి. నాలుగో దాంట్లో, ఎడమ చెవి వెనక, ఉండచుట్టుకున్న చిక్కొకటి తగిలింది.

"ఆఁ!" హాసిని భుజాలు బిగుసుకున్నాయి.

ఆయన చేతులు గాల్లోనే ఆగాయి. మార్షా కుర్చీలోంచి లేచింది.

"మొగిలయ్యగాడు మట్టిగొట్టుకపోను," పళ్లు కొరికాడు. మార్షా చూపు చురుక్కుమంది.

"కొసల నుంచి," అంది గ్లోరియా గది అవతలి నుంచి.

దువ్వెన పక్కన పెట్టాడు. ఇంకాస్త కండిషనర్ తీసుకుని, చిట్టచివరి వెంట్రుక నుంచి వేళ్లతో ఒక్కొక్కటే విడదీశాడు. ఎంతసేపు పట్టిందో మరి, ఉండ మెత్తబడి విచ్చుకుంది.

"నువ్వు మమ్మీ కంటే స్లో," అంది హాసిని.

"ఔ బిడ్డా. తొందరపడ్డోన్ని చూసిన."

పన్నెండు పాయలు మెలిపెట్టాడు. పిల్ల ఏడవలేదు. మార్షా దగ్గరికొచ్చి పాపిళ్ల వెంబడి వేలు పోనిచ్చి చూసింది.

"ఇది వంకర," అంది.

ఆయన తల వంచుకున్నాడు.

"ఆదివారం పదింటికి తీసుకొస్తాను." తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది. "ఆ మొగిలయ్యను ఇక తిట్టకండి. ఇద్దరం తిట్టింది చాలు."

"మమ్మీ, మొగిలయ్య ఎవరు?"

మార్షా పిల్ల కోటు జిప్పు పైకి లాగింది.

గ్లోరియా కోర్సు సర్టిఫికెట్, పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఇన్నాళ్లూ హాసిని గ్రాండ్‌డాడ్ అనే పిలిచాను. దీని మీద సొంత పేరుండాలి. నువ్వే రాయి."

ఆయన అరచేతిలోని కండిషనర్‌ను ప్యాంటుకి తుడుచుకున్నాడు. చదువు చిన్నప్పుడే మానేసిన చేయి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ కదిలింది.

మొగిలయ్య, అని రాశాడు.