పందికొక్కు దగ్గర దాచిన గింజలు

అడవిలో పిట్టలన్నీ వానాకాలానికని జొన్నగింజలు పందికొక్కు బొరియలో దాచుకునేవి. ఎవరడిగినా బొరియ తెరిచి చూపించాలని కట్టుబాటు.

ఆ ఏడు ముసురు పట్టింది. పిల్లలు ఆకలికి అల్లాడుతుంటే పిచ్చుక వచ్చింది. "మామా, నా గింజలియ్యి."

"తడి తగులుద్దని వాకిలి మట్టితో మెత్తేశానే. ఇంత పెద్దవాణ్ణి, నన్నే అనుమానిస్తావా?" అంది పందికొక్కు.

పిచ్చుక సిగ్గుపడి వెళ్ళిపోయింది. తెల్లారేసరికి దాని చిన్నపిల్ల చచ్చిపోయింది. వాన ఆ మట్టిని కడిగేసింది. లోపల ఊక తప్ప ఏమీ లేదు.

"అడవిపంది దొరగారు అడిగితే కాదనలేకపోయా. పంటకి ఇచ్చేస్తారులేవే," అంది పందికొక్కు.

దొర పంటకి ఇచ్చాడు కూడా. పందికొక్కు నిండిన బొరియ బార్లా తెరిచి, "రండి, చూసుకోండి" అని పిలిచింది. పిచ్చుక కొత్తగా ఏరుకున్న గింజ ముక్కున పట్టుకుని, ఆగకుండా ఆ వాకిలి మీదుగానే ఎగిరిపోయింది.