గుమ్మం మీది గూడు

రెండో పెండ్లికి పిల్లను చూడడానికి కొడుకు ముదిగుబ్బకు బయలుదేరుతుంటే, కదిరమ్మ గుమ్మంలోనే ఆపింది. తలుపు పైన కందిరీగ ఒకటి మట్టిగూడు కడుతోంది.

“కందిరీగ గూడు పెడితే కోడలికి కడుపు నిలుస్తాది. దాని పిల్లలు ఎగిరిపోయేదాకా నువ్వు యాడికీ పోవద్దు.”

కొడుకు గూటి వైపు, భార్య వైపు చూసి చెప్పులు విప్పాడు.

పెండ్లయి ఏడేళ్లయినా తిప్పమ్మకు పిల్లలు లేరు. ఈసారి కూడా నెల తప్పలేదు. ఆ మాటే చాటుగా అత్తకు చెప్పింది.

“నీకేం తెల్సు? ఈగకు తెల్సు” అంది కదిరమ్మ.

వానలు లేక అది మూడో ఏడు. కరువుకు సర్కారు పెట్టిన గంజి కేంద్రం పక్క బావి నుంచి తిప్పమ్మ మోసుకొచ్చే మూడు కడవల నీళ్లే ఇంటంతటికీ. ఆమె కాళ్లు కడుక్కున్నా అత్త తిట్టేది. అయినా రోజూ కడవలో ముంతెడు తగ్గుతోంది. గూడు మాత్రం పెరుగుతోంది.

ఒకరోజు తిప్పమ్మ నీళ్లతో తొందరగా తిరిగొచ్చింది. పెరట్లో కదిరమ్మ గొంతుక్కూర్చుని ఎర్రమట్టి మీద ముంతతో నీళ్లు పోస్తోంది. ఆమె వేళ్ల పక్కనే కందిరీగ బురదను ఉండ చేసుకుంటోంది.

తిప్పమ్మ కడవ దించడం మరిచి నిలబడింది.

“చూస్తాండావేమి? ఇంగో ముంత పొయ్యి. దానికి ఇంగా రెండు గదులు కట్టేది ఉండాది.”

“ఎందుకత్తా ఇదంతా?”

కదిరమ్మ తల తిప్పలేదు.

“నాకు సవతి వచ్చిన మూడేండ్లకు నా కడుపున పుట్టినాడు వీడు. అప్పుడు మీ మామను ఆపేదానికి ఏ ఈగా రాలేదు.”