రాదు సార్

“పాస్ అవే. దీంతో ఒక వాక్యం చెప్పరా,” అన్నాడు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు, బెత్తంతో రసూల్‌ను చూపిస్తూ.

ఉదయగిరి బడిలో నా క్లాసుకు ఒకటే నియమం. ఇంగ్లీషు వాక్యం ఎవరైనా సరే తమ ఇంట్లో జరిగిన దాన్నే చెప్పాలి. ‘గెట్ అప్’, ‘పుట్ ఇట్ ఆన్’ అన్నీ పిల్లకాయలు అట్లాగే నేర్చుకున్నారు. నిరుడు వాళ్ల నాయన చనిపోయినప్పుడు ‘పాస్డ్ అవే’ అని తప్పు లేకుండా చెప్పినవాడు రసూలే.

ఇప్పుడు నా వైపు చూసి తల దించుకున్నాడు. “రాదు సార్.”

“చెయ్యి చాపు.” దెబ్బ పడింది. “ఇప్పుడొచ్చిందా?”

“రాదు సార్.”

“ఏం నేర్పారయ్యా మేష్టారూ!” అంటూ ఇన్‌స్పెక్టరు మాలకొండమ్మ వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు.”

ఆ పిల్ల ముందే చెయ్యి చాపింది. “నాకూ రాదు సార్.”

బెత్తం లేచింది.

“నేను చెప్తానండీ,” అన్నాను. “మై డాటర్ పెంచలమ్మ పాస్డ్ అవే లాస్ట్ ఫ్రైడే.”

ఆయన బెత్తం దించాడు. “ఉదాహరణ బాగుంది. అందరితో గట్టిగా చెప్పించండి.”



రసూల్ లేచి రెండో చెయ్యి చాపాడు.