టైరు మీది తాళంచెవి

“వెనుక సీట్ల పెట్టిన సంచి ఏది, జాఫర్ భాయ్? నా పాస్‌పోర్టు అండ్లనే ఉండె. రేపే దుబాయ్ విమానం.”

విజయ్ కారు లోపలికి తొంగిచూసిండు. పెండ్లాంతోటి బాప్తిస్మం తీసుకొని ఇప్పుడే ఏట్ల నుంచి వచ్చిండు, తెల్లబట్టల నీళ్లు ఇంకా కారుతున్నయి.

జాఫర్ తన కిరాయి కారు డోరు పట్టుకొని నిలబడ్డడు. రాజోలి కాడ తుంగభద్రల మునిగేటోళ్లు వచ్చి బండి తెరుచుకునేటందుకు తాళంచెవి ముందటి టైరు మీద పెట్టుడు డ్రైవర్లందరికీ అలవాటే. తను గూడ గట్లనే పెట్టి నమాజుకు పోయిండు.

“దొంగలకు తెల్వదా గా అలవాటు? లేకుంటే నువ్వే తీసినవా? పోలీసులను పిలుస్త.”

“ఇరవై ఏండ్ల సంది నడుపుతున్న విజయ్, ఒక్కరి దువ్వెన గూడ ముట్టలే. కేసైతే నా బండి ఎవరెక్కుతరు? పిల్లలను ఎట్ల సాదాలె?”

జాఫర్ ఆఖరుసారి వెనుక సీటు తడిమిండు. చెయ్యి తడిసింది. సీటంతా నీళ్లే. గట్టు మీద తిరిగే దొంగైతే పొడిబట్టలతోనే వస్తడు గద.

తలెత్తిండు. చలైతుందని అందరికంటే ముందే ఒడ్డెక్కిన విజయ్ పెండ్లాం రేఖ, తడిచీరతోనే నిలబడి జాఫర్‌నే చూస్తున్నది. పొద్దున బండిల ఆమె మెల్లగ అన్న మాట యాదికొచ్చింది.

“మా అన్న గూడ దుబాయికే పోయిండు, జాఫరన్నా. శవమై పెట్టెల వచ్చిండు.”

జాఫర్ భుజం మీది తువ్వాల తీసి, సీటు ఆరేదాంక తుడిచిండు.

“పిలువు విజయ్, పోలీసులను,” అన్నడు. “తాళంచెవి పెట్టింది నేనే.”