సున్నా పక్కన ఏడు

ఐన్ హల్ఫా అనే కొండ ఊరి బడి వరుస దగ్గరికి రాగానే కంప్యూటర్ తెర మీద ఆ వరుస ఎర్రబడింది.

ఉపాధ్యాయులు: 0. ఆరో తరగతి పరీక్ష రాసినవారు: 7. పాసైనవారు: 7.

విద్యాశాఖ గణాంకాల అధికారి నూరీ కాఫీ కప్పు పక్కన పెట్టాడు.

"చూశావా మునీరా, పంతులే లేని బడిలో అందరూ పాస్! ఇంక మనకి పంతుళ్లెందుకు, అందర్నీ ఇంటికి పంపేద్దాం."

గుమస్తా మునీరా నవ్వలేదు. "ఒకసారి పిలిపించి కనుక్కుందాం సార్."

"దేశం మొత్తం పట్టిక గురువారం అచ్చుకెళ్లాలి. తీరిగ్గా కనుక్కుంటూ కూర్చోనా?"

అయినా మునీరా ఫోన్ చేసింది. బుధవారం పొద్దున కొండల మీంచి ఇద్దరు దిగారు.

ఒకామె మ్బార్కా. పాసైన ఏడుగురిలో మొదటి మార్కు తెచ్చుకున్న హలీమా తల్లి. చేతిలో ఇంకా వేడి చల్లారని రొట్టెల మూట ఉంది.

రెండో మనిషి ఆ బడి కాపలాదారు తయ్యిబ్. మాసిన ఉన్ని బుర్నూసు అంగీ కప్పుకున్న ముసలాయన. మ్బార్కా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాడు. మోకాళ్ల నొప్పులు కాబోలనుకుంది మునీరా.

"సార్, మా పిల్లకి పట్నం ఆదర్శ పాఠశాలలో సీటొచ్చింది," అంది మ్బార్కా. "మీరు మా బడి ఫలితాల్ని కొట్టేస్తే ఆ సీటు పోతుందటగా?"

"నేనెందుకు కొట్టేస్తానమ్మా? లెక్కే కొట్టేస్తుంది. పంతులు లేకుండా ఏడుగురూ ఎలా పాసయ్యారు?"

"ఎందుకు లేడూ? ఈయనే పాఠాలు చెప్తాడు."

"ఈయన కాపలాదారు కదా!"

"అవున్సార్," అన్నాడు తయ్యిబ్. "అందుకే ఫారంలో పంతుళ్లు సున్నా అని రాయించాను. అబద్ధం రాయకూడదు కదా."

ఒకటి అని రాయిస్తే కంప్యూటర్ కిక్కురుమనేది కాదు. ప్రభుత్వం వారి ఫారంలో నిజం రాసే వెర్రివాడు దేశం మొత్తానికి ఈయనొక్కడే దొరికాడు.

"రాయించావా? నువ్వు రాయలేదా?"

"పిల్లల చేతిరాత సార్ అది."

నూరీ కుర్చీలో ముందుకు వంగాడు. ఆ ఫారమే తీసి ముసలాయన చేతిలో పెట్టాడు.

"ఏదీ పంతులుగారూ, రెండో వరుస చదవండి, విందాం."

తయ్యిబ్ కాగితాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. గదిలో వాళ్లంతా పని ఆపి చూస్తున్నారు.

కాగితం తలకిందులుగా ఉంది.

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు గదంతా పాకింది.

"నోటితో అడగండి సార్," అన్నాడు తయ్యిబ్. "లెక్కలడగండి, వ్యాకరణమడగండి, ఫ్రెంచి అడగండి. కాగితం వద్దు."

"కాగితం వద్దట! అక్షరం ముక్క రానివాడు ఏడుగుర్ని గట్టెక్కించాడట! ప్రశ్నపత్రం ముందే ఎవడిచ్చాడయ్యా నీకు?"

మ్బార్కా నోరు తెరిచింది. తయ్యిబ్ ఆమె భుజం గట్టిగా నొక్కాడు.

"చెప్పనీ మామా!"

"వద్దన్నానా!"

వరుస ఇంకా ఎర్రగానే ఉంది. రెండంకెల్లో ఒకటి మారితే గాని అది దారికి రాదు. సున్నాని ఒకటి చెయ్యాలంటే ముగ్గురు పెద్దల సంతకాలు కావాలి. పాసైన ఏడుని సున్నా చెయ్యడానికి నూరీ వేలొక్కటి చాలు.

నొక్కాడు. పక్క గడిలో 'కాపీ' అని కొట్టాడు. వరుస ఆకుపచ్చగా మారింది.

"ఏడుగురి ఫలితాలూ రద్దు. ఇక వెళ్లండి."

"మా హలీమాని పిలిపించండి సార్! మీ కళ్లముందే రాస్తుంది!"

"ఆ రొట్టెలు కూడా పట్టుకెళ్లమ్మా. ఇక్కడ లంచాలు తీసుకోం."

మ్బార్కా ఏడుస్తూ మెట్లు దిగింది. ముసలాయన ఆమె వెనకే దిగాడు.

పట్టిక గురువారమే అచ్చయింది. ఎక్కడా తప్పు లేదని పైవాళ్లు నూరీని మెచ్చుకున్నారు.

సెప్టెంబరులో ఐన్ హల్ఫా బడిని మూసేయమని ఉత్తర్వు వచ్చింది. పంతుళ్లు సున్నా, పాసైనవాళ్లు సున్నా అయితే మూసేయక ఏం చేస్తారు? ఆ కొండదారిన వెళ్లడానికి ఇంకెవరూ ఒప్పుకోక, నూరీయే జీపేసుకుని వెళ్లాడు.

తయ్యిబ్ గోడ తడుముకుంటూ బయటికొచ్చాడు. చంకలో పాత రిజిస్టరు ఉంది.

"తాళంచెవి," అన్నాడు నూరీ చెయ్యి చాపి.

ముసలాయన ఇచ్చాడు. నూరీ చేతికి జానెడు దూరంలో, గాలికి.

నూరీ చాచిన చెయ్యి వెనక్కి తీసుకోవడం కూడా మర్చిపోయాడు.

"పెద్దాయనా... ఎప్పట్నుంచి?"

"నూరీ సారా! చూపు పూర్తిగా పోయి రెండేళ్లయింది సార్. పిల్లలు పైకి చదువుతారు, నేను దిద్దుతాను. వాళ్లు తప్పు చదివితే చెవికి తెలిసిపోతుంది."

"ఆ రోజే చెప్పొచ్చుగా!"

"గుడ్డివాణ్ని కాపలాకి ఎవరుంచుకుంటారు సార్? ఆ కాస్త ఉద్యోగం ఊడిపోతే, పిల్లల దగ్గర ఇంకెవరూ లేరు. ఇప్పుడు చెప్పొచ్చులెండి, బడే లేదుగా."

"హలీమా?"

"ట్యూనిస్‌లో ఎవరింట్లోనో అంట్లు తోముతోంది. ఆ ఇంటి పిల్లలకి లెక్కలు కూడా అదే చెప్తోందట."

మాట్లాడుతూనే రిజిస్టరు ఇచ్చాడు. ఈసారి గొంతు వినబడ్డ వైపు సరిగ్గా చాపాడు.

"చూసుకోండి సార్. ఇందులో కూడా అబద్ధం లేదు."

నూరీ జీపు మెట్టు మీద కూర్చుని, సిబ్బంది పేజీ తెరిచాడు.

'తయ్యిబ్, ఉపాధ్యాయుడు, ఇరవై ఆరేళ్ల సర్వీసు. చూపు మందగించినందున బోధన నుంచి తప్పించి, ఇదే బడికి కాపలాదారుగా నియమించడమైనది. ఉపాధ్యాయుల సంఖ్య ఒకటి నుంచి సున్నాకు సవరించడమైనది.'

దాని కింద, నాలుగేళ్ల కిందటి తేదీతో, నూరీ సంతకమే ఉంది.