గోడ లెక్కలో చుట్టం

జనాభా లెక్కలకు మనుషులు ఇంటింటికీ రావడం మానేశారు. ఇప్పుడు ఇంట్లో ఎవరెవరు పడుకుంటున్నారో చూసి, ఇంటి గోడే లెక్క చెప్పేస్తుంది. కాకినాడలో వకుళ వాళ్ళింటి గోడ ముగ్గురికి బదులు నలుగురంది. నాలుగో మనిషి ఆమె భర్తకు మేనమామ, గవర్రాజు. ఉగాదికని వచ్చి, దీపావళి దాటినా కదలకుండా రోజూ రాత్రి హాల్లో గురక పెడుతున్నాడు.

"ఆ లెక్క తప్పు. ఈయన చుట్టపుచూపుగా వచ్చారు," అంది వకుళ.

"ఇంటి మనిషే," అంది గోడ.

గవర్రాజు ముఖం పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"ఊళ్ళట్టుకు తిరిగేవోణ్ణమ్మా. ఇన్నేళ్ళలో నన్ను ఏ ఇంట్లోనూ లెక్కెయ్యలేదు."

"సరే, ఉండనీ," అని గోడకు చెప్పింది వకుళ. వెంటనే చిక్కుడుకాయల బుట్ట తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇంటి మనిషన్నాక ఊరికే కూర్చుంటే ఎలాగండీ బాబాయిగారూ? ఈనెలు తీయండి."